ఆ ప్లస్ ఆర్ మైనస్ కాలమ్‌ని డిలీట్ చేయకండి

ఏటా చలికాలంలో మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక లిస్టు తిరుగుతుంది: అమెరికాలో బాగా డబ్బున్న కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), ఒకటి నుంచి పాతిక దాకా. వర్జీనియాలోని లౌడన్ కౌంటీ చాలా ఏళ్లుగా పైనే ఉంటోంది కాబట్టి ఆష్‌బర్న్, ఆల్డీ వైపు ఉండే మనవాళ్లు దాన్ని ముందు ఫార్వర్డ్ చేస్తారు. జార్జియాలో ఫోర్సైత్ ఎక్కడుంది, టెక్సస్‌లో కాలిన్ ఎక్కడుంది అని మిగతావాళ్లు వెతుక్కుంటారు. అందులో తప్పేం లేదు. నాకు ఇబ్బందల్లా ఆ లిస్టులోని అంకెని జనం చూసే తీరుతోనే. దాన్ని బ్యాంకు పాస్‌బుక్‌లో బ్యాలెన్స్ చూసినట్టు చూస్తారు. లౌడన్‌లో మీడియన్ గృహ ఆదాయం 1,70,000 డాలర్లు దాటిందంటే ఎవరో ఇంటింటికీ వెళ్లి లెక్కగట్టారని అనుకుంటారు. ఎవరూ లెక్కగట్టలేదు. అది అంచనా. లౌడన్ లాంటి పెద్ద కౌంటీకి మంచి అంచనాయే. కానీ అదే టేబుల్‌లో, అదే ఫాంట్‌లో, అంతే ధీమాగా కనిపించే కొన్ని వందల చిన్న కౌంటీల అంకెలు ఆ పాటి బలం ఉన్నవి కావు, వాటిని నమ్ముకుని డబ్బు పంచుతున్నారు, మ్యాపులు గీస్తున్నారు, ఊళ్లకి గ్రాంట్లు ఇస్తున్నారు, ఆపేస్తున్నారు.

నా ఉద్యోగం కౌంటీ స్థాయి డేటాతోనే. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. ఆ అంకెల పక్కనే, ఒక్కోటి ఎంత అటూ ఇటూ ఊగొచ్చో చెప్పే ప్లస్ ఆర్ మైనస్ కాలమ్ ఒకటి ఉంటుంది, నా గొడవ దాని గురించే.

ముందు ఆ అంకె దేన్ని కొలుస్తుందో చూద్దాం. మీడియన్ అంటే మనం టెన్త్ లెక్కల్లో చదివిన మధ్యగతమే. కౌంటీలోని ఇళ్లన్నిటినీ ఆదాయం ప్రకారం వరసలో పెడితే సరిగ్గా మధ్యలో పడే ఇంటి ఆదాయం. ఇక్కడ ఇల్లంటే కుటుంబం కాదు, ఒకే ఇంట్లో ఉండేవాళ్లందరూ. ఇర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురు కుర్రాళ్లు హెచ్-1బీ మీద ఉద్యోగాలు చేసుకుంటూ అద్దె పంచుకుని ఉంటే, ఆ నలుగురి జీతాలూ కలిపి ఒక ఇంటి ఆదాయం. లిస్టులో ఆ ఇల్లు ఏ డాక్టర్ గారి ఇంటి పక్కనో నిలబడుతుంది. రెండేళ్ల తర్వాత వాళ్లు పెళ్లిళ్లు చేసుకుని నాలుగు ఇళ్లకి మారారనుకోండి, భార్యలకి వర్క్ పర్మిట్ ఇంకా రాలేదనుకోండి, ఎవరి జీతమూ ఒక్క డాలర్ తగ్గకుండానే ఒక పెద్ద ఆదాయపు ఇల్లు పోయి నాలుగు మామూలు ఇళ్లు వస్తాయి. ఆరు నెలలకి వచ్చిన అమ్మానాన్నలు కూడా సర్వే సమయానికి ఇంట్లో ఉంటే ఇంటి మనుషుల కిందే లెక్క, ఎందుకంటే రెండు నెలలకు మించి ఉండేవాళ్లందర్నీ రాయమంటారు. కానీ ఇంట్లో ఇద్దరున్నారా ఆరుగురున్నారా అన్నది ఈ మీడియన్‌కి పట్టదు.

ఆదాయం అంటే కూడా ఒక నిర్దిష్టమైన అర్థం ఉంది. పన్ను కట్టక ముందు వచ్చే డబ్బు: జీతం, వ్యాపారం, వడ్డీ, అద్దె, పెన్షన్, సోషల్ సెక్యూరిటీ. స్టాకులు అమ్మితే వచ్చిన లాభం ఇందులో ఉండదు. ఫుడ్ స్టాంపుల విలువా ఉండదు. జైళ్లలో, యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండేవాళ్లు అసలు ఇళ్ల లెక్కలోకే రారు. అదే స్టూడెంట్ బయట గది తీసుకుంటే వస్తాడు, చేతిలో పెద్దగా ఆదాయం లేని ఒక ఇంటిగా. ఒహాయోలో ఏథెన్స్ కౌంటీ, వాషింగ్టన్ రాష్ట్రంలో పుల్‌మన్ ఉన్న విట్‌మన్ కౌంటీ లాంటి చోట్ల మీడియన్ తక్కువ కనిపించడంలో వీళ్ల వాటా గట్టిగానే ఉంటుంది. అక్కడ పేదలు లేరని కాదు. అక్కడి అంకెని ఒక బొగ్గు గనుల కౌంటీ అంకె పక్కన పెట్టి రెండూ ఒకే రకం పేదరికం అనడమే పొరపాటు.

ఇక ఈ సమాచారం వచ్చే దారి. 2000 దాకా పదేళ్లకోసారి జనగణనలో దాదాపు ఆరిళ్లకి ఒక ఇంటికి పెద్ద ఫారం ఇచ్చి ఆదాయం అడిగేవాళ్లు. అంటే 1999 ఆదాయాన్ని పట్టుకుని ఆ తర్వాత పదేళ్లూ నెట్టుకొచ్చేవాళ్లు. 2005 నుంచి పూర్తి స్థాయిలో అమెరికన్ కమ్యూనిటీ సర్వే వచ్చింది. అందరూ ఏసీఎస్ అంటారు. ఇప్పుడు ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకి ఈ ఫారం వెళ్తుంది. 35 లక్షలంటే పెద్ద సంఖ్యే, కానీ దాన్ని 3,140కి పైగా ఉన్న కౌంటీలకి పంచాలి, పైగా ఆ కౌంటీలు సమానం కావు. లాస్ ఏంజెలస్ కౌంటీలో సుమారు కోటి మంది ఉంటే, టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనగణన ప్రకారం 64 మంది. అవును, అరవై నాలుగు. రెండిటికీ ఎన్నికైన పాలకవర్గాలుంటాయి, రెండిటికీ టేబుల్‌లో ఒక్కో వరస ఉంటుంది.

అందుకే ఈ సర్వే చేసే ప్రభుత్వ సంస్థ సెన్సస్ బ్యూరో ఒక గీత గీసింది. 65,000 మంది, ఆపైన ఉంటే ఆ కౌంటీకి ఒక్క ఏడాది అంచనా ఇస్తారు. తక్కువుంటే అయిదేళ్ల జవాబుల్ని కలిపి ఒక అంచనా ఇస్తారు. దాదాపు నాలుగింట మూడొంతుల కౌంటీలు ఆ గీత కిందే ఉన్నాయి. అంటే అమెరికా మ్యాపులో మీరు చూసే రంగుల్లో ఎక్కువ భాగం అయిదేళ్ల కలగూర. "2018–2022 మీడియన్" అని రాసి ఉంటే అది 2022ది కాదు, మధ్యలో ఉంది కదా అని 2020దీ కాదు. పైగా ప్రశ్న "గత 12 నెలల్లో ఎంత వచ్చింది" అని అడుగుతుంది, జనవరిలో జవాబిచ్చినవాళ్లు పోయినేడాది సంగతి చెప్తారు, డిసెంబర్లో ఇచ్చినవాళ్లు ఈ ఏడాది సంగతి చెప్తారు. కాబట్టి ఒక్క ఏడాది అంచనాలోనే దాదాపు రెండేళ్ల ఆదాయాలు కలిసి ఉంటాయి, అయిదేళ్లదైతే ఆరేళ్లకి దగ్గరగా. ధరల పెరుగుదలకి సర్దుబాటు చేసి చివరి ఏడాది డాలర్లలోకి మారుస్తారు, అది ధరల వరకే సరి. ఆ మధ్యలో ఊరే మారిపోతే?

అలా మారిన ఊళ్లున్నాయి. నార్త్ డకోటాలో మెకెంజీ కౌంటీ, వాట్‌ఫర్డ్ సిటీ ఉండే చోటు. 2010లో అక్కడ 6,360 మంది, 2020లో 14,704. కారణం అక్కడి బాకెన్ చమురు నిల్వలు. ఆ పదేళ్లలో దేశంలో అంత వేగంగా పెరిగిన కౌంటీ ఇంకోటి లేదు. ఇలాంటి చోట అయిదేళ్ల అంచనా అంటే, మొదటి ఏడాది జవాబిచ్చింది గోధుమ పండించే పాతకాపులు, చివరి ఏడాది జవాబిచ్చినవాళ్లలో సగం మంది వేరే రాష్ట్రం నుంచి ట్రక్కేసుకుని వచ్చినవాళ్లు కావచ్చు. ఇద్దర్నీ ఒకే వరసలో నిలబెట్టి మధ్యలో ఉన్న ఇంటిని పట్టుకుంటే, ఆ ఇల్లు ఏ సంవత్సరానికి చెందిందో ఎవరు చెప్పగలరు? పైగా కంపెనీలు కట్టిన క్యాంపుల్లో పడుకునే కార్మికులు ఇళ్ల లెక్కలోకే రారు. చమురు ధర పడిపోయిన ఏడాది ఆ కౌంటీకి సాయం కావాలా వద్దా అని నిర్ణయించడానికి, ధర ఆకాశంలో ఉన్న రోజుల జవాబులు కూడా కలిసిన అంకెని చూస్తారు. 2020 ఏప్రిల్ 20న అమెరికా క్రూడ్ ఫ్యూచర్స్ ధర సున్నా కిందికి పడిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ దెబ్బ చిన్న చమురు కౌంటీల అయిదేళ్ల అంకెల్లో అయిదింట ఒక వంతు మాత్రమే కనిపిస్తుంది, అదీ అయిదేళ్లపాటు కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏసీఎస్ టేబుల్‌లో ప్రతి అంకె పక్కనా ఇంకో అంకె ఉంటుంది, ముందు ప్లస్ ఆర్ మైనస్ గుర్తుతో. సెన్సస్ బ్యూరో దాన్ని 90 శాతం నమ్మకంతో ఇస్తుంది. అంటే ఇదే సర్వేని ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ వేరే వేరే ఇళ్లతో చేస్తూ పోతే, ఇలా గీసిన హద్దుల్లో పదింట తొమ్మిదింటిలో అసలు విలువ ఉంటుంది. మిగతా ఒకదాంట్లో ఉండదు. లెక్కలు తెలిసినవాళ్లు దాన్ని 1.645తో భాగించి స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా మామూలుగా ఎంత అటూ ఇటూ పోతుందో చెప్పే కొలత) తీసుకోవచ్చు. ఇది దాచిపెట్టిన సమాచారం కాదు, ఫైల్ డౌన్‌లోడ్ చేస్తే రెండో కాలమ్. నేను చూసిన స్ప్రెడ్‌షీట్లలో చాలావాటిలో ముందు చేసే పని ఆ కాలమ్‌ని డిలీట్ చేయడం. చూడ్డానికి అడ్డంగా ఉందని, మ్యాపు సాఫ్ట్‌వేర్ ఒక్క అంకెనే తీసుకుంటుందని.

ఒకసారి ఒక మీటింగ్‌లో అయిదు రంగుల మ్యాపు చూపించారు. పోయినేడాది మూడో రంగులో ఉన్న ఒక చిన్న పల్లె కౌంటీ ఈసారి రెండో రంగులోకి జారింది. ఎందుకు జారిందని అరగంట చర్చ నడిచింది. పౌల్ట్రీ ప్లాంట్ మూసేశారా, కాలేజీ పిల్లలు వెళ్లిపోతున్నారా, ఆస్పత్రి పోయిందా. ఒక్కొక్కరూ మంచి మనసుతోనే మాట్లాడారు, ఆ కౌంటీ గురించి నిజంగా బాధపడ్డారు. నేను ఎర్రర్ కాలమ్ ఏదని అడిగితే అది ఫైల్లో లేదు. నా ల్యాప్‌టాప్‌లో తీసి చూపించాను: ఆ కౌంటీ జారిన దూరం కన్నా దాని ప్లస్ ఆర్ మైనస్ ఎక్కువ. పైగా ఆ రెండు అంకెల మధ్య అయిదేళ్లలో నాలుగేళ్లు ఉమ్మడివే, అంటే జవాబుల్లో ఎక్కువ భాగం అవే. పక్కపక్కన ఉన్న రెండు అయిదేళ్ల అంచనాల్ని పోల్చొద్దని సెన్సస్ బ్యూరో ఎప్పట్నుంచో చెప్తూనే ఉంది. 2018–2022ని పోల్చాలంటే 2013–2017తో పోల్చాలి. ఆ అరగంటలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, కానీ జరగని సంగతికి అందరూ కారణాలు వెతికారు.

రెండు కౌంటీల్ని పోల్చడమూ అంతే. ఒక కౌంటీ 58,000 డాలర్లు, ప్లస్ ఆర్ మైనస్ 7,000 అనుకుందాం. ఇంకోటి 61,000, ప్లస్ ఆర్ మైనస్ 5,000. తేడా 3,000. ఆ తేడాకి ఉండే ప్లస్ ఆర్ మైనస్ ఎంతంటే రెండు అంకెల వర్గాలు కలిపి వర్గమూలం తీయాలి, దాదాపు 8,600 వస్తుంది. మూడు వేల తేడాకి ఎనిమిది వేల ఆరొందల ఊగిసలాట. ఈ రెండిట్లో ఏది ముందు అని అడిగితే తెలియదు అన్నదే జవాబు. దేశంలో 1,412వ ర్యాంకు, 1,580వ ర్యాంకు అని వేసే వెబ్‌సైట్లు ఈ మాట ఒక్కచోటా రాయవు. పైపెచ్చు ఈ ప్లస్ ఆర్ మైనస్‌లో ఉన్నది శాంపిల్ వల్ల వచ్చే తేడా ఒక్కటే. జవాబివ్వనివాళ్లు, తప్పు చెప్పినవాళ్లు దీంట్లో లేరు. 2019లో 86 శాతం ఉన్న స్పందన రేటు 2020లో 71.2కి పడింది, అదీ ఎక్కువగా ఆదాయం తక్కువ ఉన్న ఇళ్ల దగ్గర. అందుకే ఆ ఏడాది మామూలు ఒక-ఏడాది అంచనాలు విడుదల చేయకుండా ప్రయోగాత్మకం అని పేరు పెట్టి కొన్నే ఇచ్చారు. అలా చేసినందుకు సెన్సస్ బ్యూరో మీద నాకు గౌరవం పెరిగింది.

ఇదంతా మ్యాపుల గొడవ అయితే నేను ఇంత రాయను. డబ్బు సంగతి చూడండి. పల్లెల్లో మంచినీళ్ల పైపులకి, మురుగు శుద్ధికి అమెరికా వ్యవసాయ శాఖ అప్పులూ గ్రాంట్లూ ఇస్తుంది. ఎంత గ్రాంట్ ఇవ్వొచ్చన్నది ఆ ప్రాంతపు మీడియన్ గృహ ఆదాయం మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఆదాయం రాష్ట్రంలోని నగరేతర ప్రాంతాల మీడియన్‌లో 80 శాతం కన్నా తక్కువుంటే, లేదా పేదరిక రేఖ కిందుంటే, మిగతా షరతులు కూడా కుదిరితే, ఖర్చులో 75 శాతం దాకా గ్రాంట్‌గా రావచ్చు. 80కి, 100కి మధ్య ఉంటే 45 శాతం దాకా. ఇది కౌంటీకి కాదు, నీళ్లు అందుకునే ఊరికి వేసే లెక్క. అంటే కౌంటీ కన్నా ఇంకా చిన్నది, ఇంకా గట్టి అంకె లేని చోటు. మూడొందల ఇళ్ల ఊళ్లో అయిదేళ్లలో జవాబిచ్చిన ఇళ్లు కొన్ని పదులు. ఆ పదుల్లో ఒక రిటైర్డ్ ఇంజనీర్ ఇల్లు పడిందా, లేదా అన్నదాన్ని బట్టి ఆ ఊరు 79 శాతం దగ్గర నిలబడొచ్చు, 83 దగ్గర నిలబడొచ్చు. పైప్‌లైన్ ఖర్చు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒక్కటే. ఆ అంకె తమ పరిస్థితిని చూపించట్లేదనిపిస్తే ఊరివాళ్లే ఇంటింటి ఆదాయ సర్వే చేయించుకునే దారి ఉంది. కానీ క్లర్కు కూడా పార్ట్‌టైమ్ అయిన ఊళ్లు ఆ పని చేయించుకోగలవా? చేయించుకోగలిగేది కాస్త తెలిసినవాళ్లు, కాస్త డబ్బున్నవాళ్లు ఉన్న ఊళ్లే.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. అంకె ఊగుతుంది, నిబంధన మాత్రం కత్తిలా తెగుతుంది. ఊగే అంకె మీద అలాంటి గీత పెడితే నిర్ణయం తీసుకునేది పేదరికం కాదు, శాంపిల్. గీతకి అటూ ఇటూ ఒక వాలు పెట్టి 75 నుంచి 45కి మెల్లగా దిగేలా చేయొచ్చు. లేదా అంచనా హద్దుల్లో కింది అంచు గీతకి దిగువనుంటే ఆ ఊరికే సందేహ లాభం ఇవ్వొచ్చు. రెండూ ఒక పేజీ నిబంధనతో అయ్యే పనులు. దీనికి కొత్త సైన్సు అక్కర్లేదు.

మధ్యలో ఒక చిన్న సంగతి చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే దీన్ని ప్రతి ప్రాజెక్టులోనూ చూస్తున్నాను. నాలుగు కౌంటీల మీడియన్లని కూడి నాలుగుతో భాగిస్తే ఆ ప్రాంతపు మీడియన్ రాదు. జనాభా బరువు వేసి సగటు తీసినా రాదు. చేయాల్సింది ఏంటంటే ఆదాయ తరగతుల టేబుల్ తీసుకుని, ఒక్కో తరగతిలో నాలుగు కౌంటీల ఇళ్లనీ కూడి, అప్పుడు మధ్యగతం కట్టాలి. టెన్త్‌లో వర్గీకృత దత్తాంశానికి కట్టాం చూడండి, దిగువ హద్దు, సంచిత పౌనఃపున్యం, తరగతి పొడవు, అచ్చం అదే. వెయ్యి ఇళ్లున్నాయి, 60,000 కన్నా తక్కువ 440 ఇళ్లు, 60,000 నుంచి 75,000 మధ్య 120 ఇళ్లు అనుకోండి. అయిదువందలో ఇల్లు ఆ తరగతి మధ్యలో పడుతుంది, టెన్త్ సూత్రం 67,500 అంటుంది. సెన్సస్ బ్యూరో వెడల్పాటి తరగతుల్లో పరేటో పద్ధతి వాడుతుంది, ఎందుకంటే పైకి వెళ్లేకొద్దీ ఇళ్లు పలచబడతాయి. దాంతో కడితే 66,600 చిల్లర వస్తుంది. అంటే ఒకే డేటా, రెండు సమర్థనీయమైన పద్ధతులు, తొమ్మిదొందల డాలర్ల తేడా. లోపల వాళ్లు వాడే తరగతులు మనకిచ్చేవాటికన్నా సన్నవి కాబట్టి నిజంగా వచ్చే తేడా ఇంత ఉండదు.

సరే, చిన్న కౌంటీకి సర్వే సరిపోనప్పుడు ఏం చేయాలి? దీనికి జవాబు ఎప్పుడో ఉంది, వాడేవాళ్లే తక్కువ. సెన్సస్ బ్యూరోదే ఇంకో ప్రోగ్రామ్, స్మాల్ ఏరియా ఇన్‌కమ్ అండ్ పావర్టీ ఎస్టిమేట్స్. 1994లో బడులకిచ్చే ఫెడరల్ నిధుల కోసం కాంగ్రెస్ చట్టం చేసి, పదేళ్లనాటి జనగణన లెక్కలు కాకుండా తాజా అంచనాలు కావాలని అడిగితే మొదలైంది, 1993 ఆదాయాలతో తొలి అంచనాలొచ్చాయి. ఇప్పుడు లవింగ్ లాంటి కౌంటీలతో సహా దాదాపు ప్రతి కౌంటీకీ ఒక్క ఏడాదికి చెందిన మీడియన్ గృహ ఆదాయం ఇస్తుంది, హద్దులతో సహా. అయిదేళ్ల కలగూర కాదు.

అది ఎలా సాధ్యం? సర్వే ఒక్కదాన్నే నమ్ముకోదు కాబట్టి. ప్రతి కౌంటీకీ పన్ను రిటర్నులుంటాయి, వాటిలో మీడియన్ ఆదాయం ఎంతో తెలుస్తుంది. ప్రభుత్వ చెల్లింపులు, ఇతర ఆదాయాల లెక్కలు, పాత సర్వే ఫలితాలూ ఉంటాయి. ఇవేవీ "గృహ ఆదాయం" కావు, కానీ దానితో పాటే కదులుతాయి. ఎలా కదులుతాయో దేశంలోని కౌంటీలన్నిటినీ కలిపి చూసి ఒక సమీకరణం కట్టి, దాన్ని బట్టి ఈ కౌంటీలో ఎంత ఉండాలో చెప్తారు. ఆ తర్వాత ఆ ఊహనీ సర్వే చెప్పినదాన్నీ బరువులు వేసి కలుపుతారు. అసలు లెక్క లాగరిథమ్‌లలో జరుగుతుంది, ఇక్కడ మామూలు డాలర్లలో ఒక ఊహాజనిత ఉదాహరణ చెప్తాను. సర్వే 48,000 అంది, స్టాండర్డ్ ఎర్రర్ 6,000. సమీకరణం 55,000 అంది, దాని ఎర్రర్ 3,000. వర్గాలు చూస్తే 36కి 9. కాబట్టి సర్వే మాటకి అయిదింట ఒక వంతు బరువు, సమీకరణానికి నాలుగు వంతులు. కలిపితే 53,600. అదే పెద్ద కౌంటీ అయి సర్వే ఎర్రర్ 800 మాత్రమే ఉంటే, సర్వేకి 93 శాతం బరువు వస్తుంది, సమీకరణం దాదాపు నోరు మూసుకుంటుంది. ఎవరి మాట ఎంత గట్టిదో అంతే వింటుంది. నాకు ఈ లెక్కలో నచ్చేది ఇదే.

ఈ పద్ధతి 1979లో రాబర్ట్ ఫే, రోజర్ హెరియట్ రాసిన పేపర్‌తో వచ్చింది. వెయ్యి మందికన్నా తక్కువున్న ఊళ్ల తలసరి ఆదాయాన్ని, ఆ ఊళ్లకి ఫెడరల్ డబ్బు పంచడం కోసం, ఎలా కట్టాలన్నది వాళ్ల సమస్య. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న, ఇలా కలిపి తెచ్చిన అంచనాలో ఎంత తప్పు ఉండొచ్చో ఎలా చెప్పాలి అని. దానికి 1990లో ప్రసాద్, రావు ఇచ్చిన సూత్రం ఇవాళ్టికీ ఈ రంగంలో అడుగుపెట్టిన ప్రతి స్టూడెంటూ నేర్చుకుంటారు. ఆ రావు గారు జె.ఎన్.కె. రావు, ఏలూరులో పుట్టి కెనడాలో కార్ల్‌టన్ యూనివర్సిటీలో పనిచేశారు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి పేరు మనలో చాలామందికి తెలుసు, తెలియాలి కూడా. కానీ ఒక చిన్న ఊరి ఆదాయం ఎంతో, ఆ అంకెని ఎంత నమ్మొచ్చో చెప్పే పని మీద ఇంత ప్రభావం చూపిన మనిషి పేరు ఏలూరులోనే ఎంతమందికి తెలుసో అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఈ పద్ధతి చెప్తే ఎప్పుడూ ఒకే అభ్యంతరం వస్తుంది: "మా కౌంటీ అంకెలో వేరే కౌంటీల సంగతి ఎందుకు కలుపుతారు?" అలా అనేవాళ్లు నిజాయితీగానే అంటారు, వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ కలిపేది వేరే కౌంటీల ఆదాయాన్ని కాదు. మీ కౌంటీ పన్ను రిటర్నులు మీవే. వేరే కౌంటీల నుంచి తీసుకునేది పన్ను రిటర్నులకీ గృహ ఆదాయానికీ మధ్య ఉన్న సంబంధాన్ని మాత్రమే. నిజానికి చెప్పాలంటే, మీ కౌంటీలో సర్వేకి జవాబిచ్చిన కొద్ది ఇళ్లకన్నా రిటర్ను వేసిన కొన్ని వేలమందే మీ కౌంటీకి ఎక్కువ సాక్ష్యం.

లోపాలు లేవనను. మామూలు పోకడకి దూరంగా ఉండే కౌంటీని ఈ లెక్క మధ్యకి లాగుతుంది, అది నిజంగా అలాంటిదే అయినా సరే. రిటర్నులు వేయనివాళ్లు ఎక్కువున్న చోట సమీకరణం తడబడుతుంది. కోవిడ్ సాయం చెక్కుల కోసం అంతకుముందు ఎన్నడూ వేయనివాళ్లు కూడా రిటర్నులు వేశారు, ఆ ఏడాది పాత సంబంధం అలాగే పనిచేస్తుందని అనుకోలేం. ఇంకా పెద్ద ఇబ్బంది, ఇది కౌంటీ మొత్తానికి ఒకే మీడియన్ ఇస్తుంది. నల్లవాళ్లకెంత, వృద్ధులకెంత అని అడిగితే మళ్లీ ఏసీఎస్ దగ్గరికే వెళ్లాలి. అయినా "ఈ ఏడాది ఈ చిన్న కౌంటీలో మధ్యస్థంగా ఒక ఇంటికి ఎంత వస్తోంది" అన్న ప్రశ్న ఒక్కటే అయితే, అయిదేళ్ల అంకె కాదు, ముందు చేయి వేయాల్సింది దీని మీదే.

మీడియన్‌కి బదులు సగటు వాడితే ఏమవుతుందో కూడా ఒక్క ఉదాహరణ. వయోమింగ్‌లో టీటన్ కౌంటీ, జాక్సన్ హోల్ ఉండే చోటు. 2021లో అక్కడ తలసరి వ్యక్తిగత ఆదాయం మూడు లక్షల డాలర్లు దాటింది, దేశంలో అన్నిటికన్నా ఎక్కువ. మీడియన్ గృహ ఆదాయం చూస్తే లక్ష ప్రాంతం. ఒక మనిషి సగటు ఒక ఇంటి మధ్యగతానికి మూడు రెట్లు! కొద్దిమంది మహా ధనవంతులు పన్నులు తక్కువని అక్కడ చిరునామా పెట్టుకున్నారు, హోటళ్లలో పనిచేసేవాళ్లు అద్దెలు భరించలేక కనుమ దాటి ఐడహో వైపు నుంచి రోజూ వస్తారు.

దీన్ని చదువుతుంటే మీకు రంగారెడ్డి గుర్తొచ్చి ఉండాలి. తెలంగాణలో తలసరి ఆదాయంలో రంగారెడ్డి జిల్లా ముందుంటుంది, ఆంధ్రలో విశాఖపట్నం. ఆ అంకెలు వచ్చేది జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువ నుంచి. గచ్చిబౌలిలో ఒక కంపెనీ సంపాదించినదంతా రంగారెడ్డి ఖాతాలో పడుతుంది, అందులో పనిచేసే అమ్మాయి కూకట్‌పల్లి నుంచి వచ్చినా, లాభం ఇంకో దేశానికి వెళ్లినా. దాన్ని షాద్‌నగర్ అవతల ఉన్న రైతు తలకి కూడా పంచి "ఆదాయం" అని టీవీలో చెప్తారు. జిల్లాలో మధ్యస్థంగా ఉన్న ఇంటికి ఎంత వస్తుందో చెప్పే అధికారిక అంకె మన దగ్గర లేదు. మన జాతీయ సర్వేలు అడిగేది ఖర్చు. ఆదాయం అడిగి చూసిన పాత ప్రయత్నాల్లో జనం చెప్పిన ఆదాయం, వాళ్ల ఖర్చూ పొదుపూ కలిపిన దానికన్నా తక్కువ తేలింది, అక్కడితో పక్కన పెట్టారు. 2026 ఫిబ్రవరి నుంచి జాతీయ గృహ ఆదాయ సర్వే చేస్తామని కేంద్ర గణాంక శాఖ 2025లో ప్రకటించింది. 2025 జనవరి నుంచి తమ సర్వేల శాంపిల్‌ని జిల్లాని మూలంగా పెట్టుకుని వేయడం కూడా మొదలుపెట్టింది. రెండూ మంచి పనులు, ఆలస్యంగానైనా.

కానీ అమెరికా చిన్న కౌంటీలకి వచ్చిన చిక్కే మనకీ వస్తుంది, ఇంకా గట్టిగా. తెలంగాణలో పది జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రలో 2022 ఏప్రిల్లో 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లాని చీల్చిన ప్రతిసారీ దానికి దక్కే శాంపిల్ కూడా చీలుతుంది. ములుగుకో పార్వతీపురం మన్యానికో సర్వే ఒక్కటే నమ్ముకుని ఆదాయం చెప్తే అది ఏటా పైకీ కిందికీ దూకుతుంది, పేపర్లో హెడ్డింగులు వస్తాయి, నాయకులు దానికి కారణాలు చెప్తారు. ఇక్కడ పన్ను రిటర్నులు పనికిరావు. వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు, రిటర్ను వేసేవాళ్లే కొద్దిమంది. మన సమీకరణంలోకి వేరేవి రావాలి: ఇళ్ల కరెంటు వాడకం, బ్యాంకు డిపాజిట్లు, బండ్ల రిజిస్ట్రేషన్లు, ఉపాధి హామీ పనిదినాలు, మార్కెట్ యార్డులకొచ్చే ధాన్యం. ఇవి ప్రభుత్వ కార్యాలయాల్లో ఇప్పటికే నమోదవుతున్నాయి, ఒక్కో శాఖ దగ్గర ఒక్కో ఫార్మాట్‌లో, పాత జిల్లా కోడ్‌తో కొన్ని, కొత్త కోడ్‌తో కొన్ని. వాటిని మండలం వారీగా ఒకచోటికి తెచ్చి సర్వే ఫలితాలతో జోడించే పని రెండు రాష్ట్రాల అర్థగణాంక శాఖలూ ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, సర్వే పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. కావాల్సింది ఒక జీవో, మిగతా శాఖలు ఫైళ్లు ఇవ్వడం, ఈ లెక్క తెలిసిన నలుగురైదుగురు మనుషులు.